ఒకే చోట మరక

"ఇది ఎవరితోని కాలే బిడ్డా. నీతోనన్న అయితదా?"

తెల్ల కారు దిగిన ముసలాయన ముందు అద్దం చూపించాడు. బోరు నీళ్లు ఎండి ఎండి, అద్దం నిండా తెల్లటి చుక్కలు గట్టిపడి ఉన్నాయి.

సోనీ నవ్వింది. "కారు నీడకు పెట్టు బాపు. మిగతాది నాకిడిసిపెట్టు."

కారు మరక అంటే ఛత్రినాకలో ముందు సోనీ పేరే చెబుతారు. ఆ సంగతి సోనీకీ బాగా తెలుసు. దుకాణం మాత్రం పాత బర్రెల కొట్టం. దాని యజమాని రామ్‌చందర్ కొట్టం పడగొట్టి మేడ కడతానంటున్నాడు. బోనాల పండుగ లోపు ఖాళీ చేయాలి. ఇంకో జాగా దొరక్కపోతే సోనీ పని అక్కడితో సరి. లోపల ఆ బెంగ ఎంత ఉన్నా, కారు ముందుకొస్తే మాత్రం ఆమెకు అన్నీ మరుపే.

వెనిగర్‌లో తడిపిన గుడ్డను అద్దం మీద పరిచి, తాపీగా చాయ్ తాగుతూ కూర్చుంది.

"రుద్దవా?" అన్నాడాయన.

"రుద్దితే గీతలు పడతయ్ బాపు. నానితే అదే ఇడుస్తది."

కాసేపటికి మెత్తటి గుడ్డతో తుడిస్తే అద్దం కడిగిన ముత్యంలా తేలింది. ఆయన అటు వంగి, ఇటు వంగి చూశాడు. తన పేరు వైకుంఠమని చెప్పి వెళ్లిపోయాడు.

మరుసటి వారం తలుపు మీద తారుతో వచ్చాడు. సోనీ కిరోసిన్ దూదితో అద్ది తీసి, రంగు దెబ్బతినకుండా వెంటనే షాంపూతో కడిగేసింది.

ఆ తర్వాత బానెట్ మీద పసుపు.

ఈసారి సబ్బునీళ్లతో పైపైన తుడిచి, కారును ఎండలో పెట్టమంది.

"మొదట నీడకు పెట్టమంటివి గదా?"

"పసుపు లెక్క వేరే. ఎండకు అదే ఎగిరిపోతది. పొద్దుగూకినంక వచ్చి చూడు."

పొద్దుగూకేసరికి పసుపు జాడ లేదు. వైకుంఠం బానెట్ మీద అరచేయి ఆనించి, ఎంతో సంతోషంగా నవ్వాడు. మరక పోయినందుకు ఇంత సంతోషమేమిటని సోనీకి మొదటిసారి అనుమానం వచ్చింది.

నాలుగోసారి వెనక అద్దం మీద సున్నంతో వచ్చాడు. సోనీ గుడ్డ ముట్టుకోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాపు, నిజం చెప్పు. ఈ మరకలు నువ్వే పూస్తున్నవ్ గదా?"

ఆయన చూపు వెనక అద్దం మీదికి పోయింది.

"దారిల పడితే చుట్టూ తుంపర్లు ఉండాలె. ఇది వేలితోని రాసినట్టు ఒకే చోట ఉన్నది. మిగతా కారంతా మిషిన్ పాలిష్. నువ్వు ఈ పనోడివే. ఏ షాపు నీది?"

"మలక్‌పేట," అన్నాడాయన మెల్లగా. "దొరికిపోయిన. ఇయ్యాల నీతోని ఒక మాట చెప్దామనే..."

"ఏం చెప్తవ్? నా పని చూసి నేర్చుకపోతందుకు వచ్చినవ్. అంత పెద్ద షాపు పెట్టుకొని, కొట్టంల బతికేదాని మీద పడ్డరా?"

చాయ్ బండి దగ్గరి వాళ్లంతా ఇటు తిరిగారు. జనం చూస్తుంటే సోనీ గొంతు ఇంకా లేచింది.

"నీకూ నీ షాపుకూ ఓ దండం. మళ్ల ఇటు రాకు."

ఆయన తలూపి కారెక్కాడు. సున్నం మరక అలాగే వెళ్లిపోయింది.

ముసలాయన్ను భలే కడిగేశానని సోనీ ఆ రోజంతా హుషారుగా పని చేసుకుంది.

తెల్లారి రామ్‌చందర్ వచ్చాడు.

"మొన్న మలక్‌పేట నుంచి ఒకాయన వచ్చి నీ గురించి అడిగిండు. మాట మీద ఉంటదా, కొట్టం ఎన్నడు ఖాళీ చేస్తది అని."

సోనీకి ఒళ్లు మండింది. అంటే, జాగా విషయంలో రామ్‌చందర్‌ను ఎగదోస్తున్నది కూడా ఆ ముసలాయనే. స్కూటీ తీసి, అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా కూడబలుక్కుంటూ మలక్‌పేటకు పోయి, వైకుంఠం షాపు ఎక్కడో అడిగి పట్టుకుంది.

షాపు షట్టర్ దించి ఉంది. నిచ్చెన మీద ఒక పెయింటర్, థిన్నర్ గుడ్డతో కొత్త బోర్డు మీది అక్షరాలు తుడుస్తున్నాడు.

"అన్నా, మీ సేట్ ఏడి?"

"పొద్దున్నే ఊరికి పోయిండక్కా. ఎప్పటి నుంచో అడుగుతున్న బేగంబజార్ గిన్నెలోళ్లకు షాపును గోడౌన్‌కిచ్చేసిండు."

"మంచిగ నడిచే షాపును గోడౌన్‌కెందుకిచ్చిండు?"

"ఏం చేస్తడు? చేతులు వణుకుతున్నయని పని బంద్ చేసిండు. వెనక ఎవ్వరు లేరు. షాపును మంచి పనిమంతుల చేతిల పెట్టాలని, కారుకు తనే మరకలు పూసుకొని సిటీ అంత తిరిగిండు. దొరికింది రా అని మొన్న మస్తు ఖుషీగ ఈ బోర్డు రాయించిండు. నిన్న పొద్దుగూకినంక వచ్చి, ఆ పిల్లకు మన షాపంటే గిట్టదట, తుడిచెయ్యి అన్నడు."

సోనీ నిచ్చెన దగ్గరికి నడిచింది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఎవరన్నా ఆ పిల్ల?" తెలిసే అడిగింది.

పెయింటర్ చేయి పక్కకు తీశాడు. బోర్డు మీద తుడవగా మిగిలింది రెండే అక్షరాలు, ఆమె పేరు.