ఇరవై ఒకటో పట్టీ

మస్కట్‌కు వంటపనికి పోయే ముందు నర్సవ్వ కోరుట్లలో ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టింది. పరాయి దేశంలో వారం రోజులు ఆస్పత్రిలో పడుకుంటే ఏడాది జీతం ఊడ్చుకుపోతుంది. అందుకే ఆ రోజుల్లో పోయేవాళ్లంతా తమ జబ్బును పంచుకునేవాళ్లను ముందే కూడగట్టుకునేవారు. చేతికి పట్టీ కట్టుకుని, పోయేవాళ్ల పేరూ తాము మోసే వాటా ఎంతో చెబితే చాలు. అయినా బొట్టు పెట్టి పిలవనిదే ఎవరూ కట్టుకోరు.

నర్సవ్వకు ఇరవై మంది దొరికారు. ఎదురింటి లింగమణి గడప మాత్రం ఆమె తొక్కలేదు. నల్లా దగ్గర కొట్లాడుకున్న నాటి నుంచి ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

మస్కట్‌లో మూడో నెలలో జ్వరం పట్టుకుంది. ఒళ్లు పెనంలా కాలిపోతుంటే నర్సవ్వ తన చేతి పట్టీ మీద వేలు నొక్కింది. చూస్తుండగానే వేడంతా అరికాళ్లలోంచి దిగిపోయింది. తన జ్వరం సముద్రం దాటి ఊరికి నడిచిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. పట్టీ మీద, జబ్బు పంచుకున్నవాళ్ల లెక్క ఇరవై ఒకటి అని వెలుగుతోంది.

కాసేపాగి వదినకు ఫోన్ చేసింది. "వదినా, మీరంతా మంచిగున్నరా?"

"మాకేమైతది? తలా గింత ఒళ్లు ఎచ్చవడ్డది, బీడీలు చేసుకుంటనే ఉన్నం. లింగమణే బీడీల చాట పక్కకువెట్టి, రెండు దుప్పట్లు కప్పుకొని వణుకుతున్నది. ఏమైందే అంటే ఎండదెబ్బ అంటది."

"ఎండదెబ్బనా?"

"అదే నాకు సమజైతలేదు. మూడు దినాల సంది ఈడ ఒక్కటే ముసురు!"