ఆగిన మర

మీటింగు ముగించి హెడ్‌ఫోన్స్ తీసిన తూలిన్ కప్పు ముందుకు నెట్టింది.

"హిక్మెత్ అన్నా, నీ కాఫీకి ఇజ్మీర్ ఊరంతా ఎగబడుతుందంటారు. రోజూ ఇక్కడే కూర్చుని ఆఫీసు పని చేసుకునే నాకు మాత్రం చప్పటి కాఫీ ఇస్తావు. అప్పటికప్పుడు గింజలు మర పట్టడానికి బద్ధకమా?"

కొట్టు యజమాని హిక్మెత్ నవ్వి ఊరుకున్నాడు. పక్క బల్ల దగ్గరి ముసలావిడ ఊరుకోలేదు.

"నువ్వు మీటింగులో ఉన్నంతసేపూ మర ఆపేస్తాడమ్మాయ్, చప్పుడు నీకు అడ్డమని. పొద్దున పట్టిన పొడే నీకూ, మాకూ."

ఈ కొట్టులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందని నిన్ననే ఆఫీసువాళ్లకు గొప్పగా చెప్పింది తూలిన్. ఇప్పుడు బల్లల మీద సగం తాగి వదిలేసిన కప్పులు కనిపించాయి.

హిక్మెత్ మర మీద చెయ్యి వేసి ఆగాడు. "ఇంకో మీటింగు లేదుగా చెల్లెమ్మా?"

తూలిన్ ముందుకు నెట్టిన కప్పును మళ్లీ దగ్గరికి లాక్కుంది.