మత్తు సూది

"మత్తు సూది వద్దన్నానా!" అంటూ దర్జీ పనిచేసే ఆవిడ తెగిన చేతిని వెనక్కి లాక్కుంది. పెద్ద కత్తెర అరచేతిలో అడ్డంగా దిగింది. చుట్టిన గుడ్డలోంచి నెత్తురు బొట్లు బొట్లుగా నేలమీద పడుతోంది.

డాక్టరమ్మ సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "కుట్లు వేస్తే గానీ రక్తం ఆగదమ్మా. మత్తివ్వకుండా ఎలా వేయమంటారు?"

"పొద్దస్తమానం చొక్కాలు కుడతాను. ఏ గుడ్డకైనా మత్తిచ్చానా?"

"గుడ్డకు నొప్పి ఉండదు కదా!"

"నాకుంటే ఉండనివ్వండి."

కొడుకు ఆమె భుజం పట్టుకుని, "అమ్మా, ఇది అది కాదే. చెయ్యి ఒక్కటే మొద్దుబారుతుంది" అన్నాడు.

"అవును. ఇది తలకెక్కదు, అలవాటూ కాదు" అని డాక్టరమ్మ వంత పాడింది.

"కావచ్చు తల్లీ. మా ఇంట్లోనూ నడుంనొప్పి తగ్గుతుందనే బిళ్లలు మొదలయ్యాయి. నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. ఆఖరికి కుట్టుమిషనూ అమ్ముడుపోయింది. ఆ పీడ వదిలించుకోవడానికి ఎంత నరకం చూశామో మాకు తెలుసు. మత్తు అన్న పేరున్నది ఏదైనా సరే, మళ్లీ ముట్టేది లేదని ఒట్టేసుకున్నాం."

డాక్టరమ్మ కొడుకు వంక చూసింది. పీక్కుపోయిన ముఖం, నిద్రలేని కళ్లు. ఇంక అడగడానికేమీ మిగల్లేదు అనుకుంది.

"సరే, కదలకూడదు మరి."

మత్తు లేకుండానే కుట్టు సూది దిగింది. దర్జీ ఆవిడ పైకప్పు వంక చూస్తూ పళ్లు బిగించింది. నుదుట చెమట ధార కట్టింది గానీ నోట్లోంచి 'అబ్బా' అన్న మాట రాలేదు. మధ్యలో ఒకసారి కిందికి చూసి, "కాస్త దగ్గర దగ్గరగా వెయ్యండి. ఎడం ఎక్కువైతే పిగిలిపోతుంది" అంది. డాక్టరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కట్టు కట్టడం పూర్తికాగానే డాక్టరమ్మ ఆ కొడుకు మీద విరుచుకుపడింది. "చూశావా? నీ బిళ్లల పుణ్యమా అని కన్నతల్లి ఇంత బాధ పడింది. ఇంత బతుకూ బతికి ఆవిడకేమిటయ్యా ఈ కర్మ? సిగ్గనిపించడం లేదూ?"

"తప్పే మేడమ్" అని అతను తల వంచుకున్నాడు.

"నువ్వెందుకురా తల దించుకుంటావు?" అంది తల్లి.

"పోనీలేమ్మా, పద వెళ్దాం."

ఆమె కదల్లేదు. అన్ని కుట్లకూ చెమ్మగిల్లని కళ్లు అప్పుడు నిండాయి. మంచి చేత్తో కొడుకు గడ్డం పట్టి, అతని ముఖం పైకెత్తి డాక్టరమ్మకు చూపించింది.

"సరిగ్గా చూడండి డాక్టరమ్మా, వీడు నా కొడుకు. బిళ్లలు మింగింది నేను, మాన్పించింది వీడు!"