స్టిక్కర్ మీది నంబరు

కొత్త ర్యామ్ పెట్టి స్విచ్చేయగానే పాత కంప్యూటర్ ‘బీప్, బీప్’ అంటూ రాగం లంకించుకుంది. తెర మాత్రం వెలగలేదు.

బొమ్మలమ్మాయి మళ్లీ స్విచ్ నొక్కి చూసింది. మళ్లీ అదే రాగం.

మబ్బుల్లో ఈదుతూ అమ్మని వెతుక్కునే చేపపిల్ల సినిమా అందులోనే ఉంది. ఏడాదిగా ఒక్కో బొమ్మా గీసి కదిలించింది. సాయంత్రంలోగా పిల్లల చానల్‌కి పంపాలి. చివరి సీను దగ్గర కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని మెమరీ పెంచబోతే అసలుకే ఎసరొచ్చింది!

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డబ్బా అది. వెనక సగం చెరిగిన స్టిక్కర్ మీద, దాన్ని తయారుచేసిన షాపు నంబరుంది. ఆశ చావక ఫోన్ చేసి, “హలో, కంప్యూటర్ షాపేనాండీ?” అంది.

“చెప్పు తల్లీ,” అంది ఓ ముసలి గొంతు, నిద్దట్లోంచి వచ్చినట్టు.

గబగబా చెప్పేసింది.

“ఫోను డబ్బా మీద పెట్టి స్విచ్చెయ్. దాని గోలేంటో విననీ.”

విన్నాడు.

“భయం లేదు. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదంతే. ప్లగ్ పీకి పాతదీ కొత్తదీ రెండూ తీసెయ్. అంచులు రబ్బరుతో మెల్లగా రుద్దు.”

“పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరా? వేళాకోళమా?”

“రుద్దమ్మా, చెబుతా.”

కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తీరిగ్గా తేలుతోంది. ఆ గొంతు వింటూ రుద్దుతుంటే గదంతా నీళ్లలో ఉన్నట్టు, చేపపిల్ల తన తల చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించింది. భయం కాస్త తగ్గింది.

అంతలో అటువైపు ఎవరో, “ఇక పదండి, టైమైంది,” అన్నారు.

“ఒక్క నిమిషం బాబూ, కస్టమర్ లైన్లో ఉంది.”

ఆమెకి ఒళ్లు మండింది. “మీ కబుర్లు తర్వాత! ఇక్కడ నా కొంప మునుగుతోంది.”

“నిజమేలే తల్లీ. పాతది లోపలి గాడిలో పెట్టు, కొత్తది పక్కన. రెండు చివర్లా టక్కుమని గడియలు పడేదాకా నొక్కు.”

“విరిగితే?”

“విరగదు. మొహమాటపడితేనే పేచీ పెడుతుంది. నా చేత్తో బిగించిన డబ్బా, నాకు తెలీదూ?”

బొటనవేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని నొక్కింది.

టక్. టక్.

ప్లగ్ పెట్టి స్విచ్చేసింది. ఒకే ఒక్క బీప్. తెర వెలిగింది.

ఆ సంబరంలో థాంక్స్ అయినా చెప్పకుండా ఫోన్ కట్ చేసేసింది. చేపపిల్ల అమ్మ ఒడికి చేరింది. సినిమా వేళకి వెళ్లింది.

మర్నాడు చానల్ వాళ్లు ఫోన్ చేసి ఒకటే మెచ్చుకోలు. అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. ఎంత సిగ్గేసిందో! వెంటనే ఆ నంబరుకి చేసింది.

ఈసారి ఓ ఆడగొంతు పలికింది, బాగా నీరసంగా.

“షాపాయన ఉన్నారాండీ? నిన్న కంప్యూటర్ గురించి...”

“మీరేనా? అది వెలిగిందా? కనుక్కోమని మరీ మరీ చెప్పారు నాన్న.”

“వెలిగిందండీ! ఒక్కసారి ఆయనకిస్తారా? సారీ చెప్పాలి.”



“షాపు మూసేసి చాలా ఏళ్లయిందమ్మా. నిన్న మీ ఫోనొచ్చేసరికి నాన్న ఆపరేషన్ గది గుమ్మంలో, స్ట్రెచర్ మీద ఉన్నారు. ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకుంది నేనే. లోపలికెళ్లేముందు నాతో మాట్లాడమని డాక్టర్లిచ్చిన ఆ కాసేపూ మీతోనే మాట్లాడారు, మళ్లీ బయటికి రాలేదు.”