పడకగదిలో పార్కు

ఏ చోటునైనా పూటకో రకంగా వాడుకోవచ్చన్న నిబంధన రాసింది పరాంకుశమే. అందుకు నగరపాలక సంస్థ శాలువా కప్పి మరీ రిటైర్ చేసింది. ఇప్పుడు ఆయన పడకగది పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా పార్కు. కాలనీ జనం మంచం చుట్టూ చకచకా నడుస్తుంటే, ఆయన ఆ శాలువాతోనే ముసుగు తన్ని పడుకున్నాడు.

వాచ్‌మన్ ఈల ఊదాడు. "లేవండి సార్, పార్కులో పడుకోకూడదు."

"ఇది నా మంచమయ్యా!"

"ఏడింటి దాకా బెంచీ అండి."

"ఎవడయ్యా ఈ దిక్కుమాలిన రూలు రాసింది?"

నడిచేవాళ్లంతా ఆగి, మర్యాదగా తలలు దించుకున్నారు. వాళ్లలోంచి భార్య వకుళ చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"మీరేనండీ. కాస్త కాళ్లు ముడుచుకోండి, మూడు రౌండ్లు తిరిగాను, కూర్చోవాలి."