చేదు ఎవరిది?

"అది నా సంచీ!"

కుట్టుపని ఆవిడ కేకకి ఆసుపత్రి వరండా అంతా తల తిప్పింది.

గొడుగు పెద్దాయన చెయ్యి ఆమె సంచీలోనే ఉండిపోయింది. ఆ చేతిలో మందు డబ్బా.

నర్సు వచ్చి డబ్బాల మీది అంకెలు చూసింది. ఆమె డబ్బా అప్పటికే ఆయన సంచీలో ఉంది. ఆయనది ఆమె సంచీలోకి చేరబోతోంది.

కీళ్లవాతానికి ఓ ఆకు సారం పనిచేస్తుందేమోనని అక్కడ పరీక్షిస్తున్నారు. సగం మందికి ఆకు పొడి, సగం మందికి రంగు కలిపిన ఉత్త పిండి. ఎవరికేది పడిందో డాక్టరుకీ తెలియదు.

ఆమె అదృష్టం పండింది. మొదటి నెల చప్పగా ఉన్న పొడి, రెండో నెల నుంచి విషంలా చేదెక్కింది. కొయ్యబారిన వేళ్లు వంగాయి. మూలపడ్డ కుట్టుమిషను మళ్లీ తిరిగింది.

ఆ సంతోషం ముందుగా చెప్పుకున్నది ఈయనకే. రక్తపరీక్షకి వెళ్తూ సంచీ అప్పగించేది ఈయనకే. వానొస్తే, వేళ్లు వంగని ఈయనకి గొడుగు విప్పిపెట్టేది కూడా తనే.

"బాబాయ్‌గారూ అని నోరారా పిలిచాను కదండీ! నాకు మంచి మందు పడిందని తెలిసి దానికే కన్నం వేస్తారా? నాకు అన్నం పెట్టేది ఈ వేళ్లేనండీ!"

ఆయన తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి సాగుతోందిది?" డాక్టరు గద్దించాడు.

"ఇవాళే. ఈవిడకేం తెలీదు."

ఆయన పేరు కొట్టేశారు.

బయట వాన. అలవాటుగా ఆమె వైపు గొడుగు చాచి, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు.

ఆమె మొహం తిప్పుకుంది. నమ్మించి గొంతు కోసినవాడు తడిస్తే తనకేం!

ఆయన తడుస్తూనే వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి తన పొడి కలుపుకుని తాగింది. చప్పగా ఉంది.

"ఇందులోనూ ఏదో కలిపి చచ్చాడు" అని తిట్టుకుంది.

నెల తిరిగేసరికి వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి.

పరీక్ష ముగిశాక డాక్టరు అంకెల గుట్టు విప్పాడు.

"మీది మొదటినుంచీ ఉత్త పిండేనమ్మా. ఆకు పొడి పడింది ఆ పెద్దాయనకి."

"మరి నాకు తగ్గిందే!"

"అదే మాకూ మొదట అంతుపట్టలేదు. ఆయనకేమో మొదటి నెల బాగా తగ్గి, తర్వాత తిరగబెట్టింది. అప్పట్నుంచే డబ్బాలు మారుతున్నాయని తెలిసుంటే మిమ్మల్నీ తీసేసేవాళ్లం."



కత్తెర పట్టలేకపోతున్నానని ఆయన ముందు భోరుమన్న రోజు ఆమెకి గుర్తొచ్చింది. మొదటి నెల ఆఖరు అది. "నీ మందు చేదుగా ఉంటోందామ్మా?" అని అడిగాడు. చప్పగా ఉందంది.

ఆరోజూ వానే.

ఆరోజు గొడుగు ఆయనే విప్పుకున్నాడు.