గ్యారేజా? పెరడా?

అత్తగారి వయొలిన్ కొట్టేసింది అల్లుడే.

రిటైరై కూతురి దగ్గరికి వచ్చాక ఆవిడ వయొలిన్ పట్టింది. రోజూ పొద్దున్నే అల్లుడి పడగ్గది గోడ అవతల కూర్చుని వాయించేది. నూనె లేని తలుపు కిర్రుమన్నట్టు మొదలై, పిల్లి తోక మీద ఎవరో కాలేసినట్టు ముగిసేది ఆ కచేరీ. ఒక వేసవంతా పళ్లు బిగించి భరించాడు అల్లుడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, వయొలిన్‌ను పెట్టెతో సహా ప్లాస్టిక్ సంచీలో చుట్టి, పెరట్లో నిమ్మచెట్టు పక్కన పాతిపెట్టాడు. వంటింటి కిటికీ అద్దం తనే పగలగొట్టి, "దొంగలు పడ్డారు బాబోయ్!" అని అందరికంటే ముందు తనే కేకలు పెట్టాడు.

టీవీ ముట్టుకోని దొంగ వయొలిన్ మాత్రం ఎందుకు ఎత్తుకుపోయాడో పోలీసులకు అంతుపట్టలేదు.

"సంగీతమంటే ప్రాణం ఇచ్చేవాడెవడో అయ్యుంటాడు" అన్నాడు అల్లుడు.

"పక్కింటివాడైనా అయ్యుండాలి" అన్నాడు పోలీసు.

కొన్నాళ్లు ఇల్లు హాయిగా ఉంది. అంతలో భార్య నెల తప్పింది. పుట్టబోయే బిడ్డకు గది కావాలి. అదనంగా ఉన్న ఒక్క గదిలోనూ అత్తగారున్నారు.

"అమ్మకి వేరే గది చూడాలండీ" అంది భార్య. "గ్యారేజీని గదిగా మార్చాలి, లేదంటే పెరట్లో విడిగా చిన్న ఇల్లు కట్టాలి."

ఆమె పళ్ల డాక్టరు. ఎంత కష్టమైన సంగతైనా చల్లగా, నెమ్మదిగా చెబుతుంది.

గ్యారేజీ పేరు వినగానే అల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతని వృత్తి వాషింగ్ మిషన్లు బాగుచేయడం. ఇక బాగుపడనివన్నీ ఆ గ్యారేజీలో కప్పుదాకా పేర్చి ఉంటాయి. కారు ఎండకీ వానకీ వీధిలోనే పడుంటుంది. వాటిలో ఒక్క బోల్టు పారేయమన్నా, కన్నబిడ్డను అమ్మమన్నట్టు చూస్తాడు.

"గ్యారేజీ జోలికి మాత్రం రాకు" అన్నాడు.

"నేనూ రాను" అంది అత్తగారు. "కారు పెట్టే కొట్టంలో పడుకోవడానికి నేనేమైనా స్పేర్ టైరునా?"

"సరే, అయితే పెరట్లోనే కడదాం" అంది భార్య.

ఆదివారం మేస్త్రి వచ్చి పెరట్లో సున్నంతో గీతలు గీశాడు. వాటిలో ఒకటి సరిగ్గా నిమ్మచెట్టును రాసుకుంటూ పోయింది. చూస్తున్న అల్లుడికి కాఫీ గొంతులో అడ్డం పడింది.

"ఇక్కడ కూడా తవ్వాలా మేస్త్రీ?"

"మరి పునాది సార్! నడుం లోతు తవ్వాలి."

అల్లుడు పాతింది మోకాలి లోతులోనే. తవ్వకం మొదలయ్యేలోగా దాన్ని తీసి ఇంకెక్కడైనా దాచేద్దామనుకున్నాడు. కానీ ఏ పూట పలుగు పట్టుకుని వెళ్లినా, అత్తగారు నిమ్మచెట్టుకు ఎదురుగా కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుతూ కనిపించేది. "ఏం కావాలి అల్లుడూ?" అనేది. "నిమ్మకాయ, అత్తయ్యా" అనేవాడు. పలుగుతో నిమ్మకాయ కోయడం ఎవరికీ చేతకాదు గనక వెనక్కి తిరిగి వచ్చేసేవాడు.

చివరికి ఒక సాయంత్రం భార్య ముందు కూర్చున్నాడు.

"నేను బాగా ఆలోచించాను. గ్యారేజీకైతే గోడలున్నాయి, కప్పుంది, కరెంటుంది. ఓ కిటికీ పెట్టి, స్నానాలగది కడితే సరి. పెరట్లోనైతే అన్నీ మొదటినుంచీ కట్టాలి. బిడ్డ పుట్టి పాకే నాటికి కూడా ఆ ఇల్లు లేవదు."

"మరి మీ మిషన్లు?"

"తుక్కువాడికి ఇచ్చేస్తాను" అన్నాడు గుండె రాయి చేసుకుని.

"అల్లుడు చెప్పింది నిజమే అమ్మాయ్" అంది అత్తగారు గబగబా. "గ్యారేజీయే నయం. వంటిల్లు కూడా దగ్గర."

"కొట్టం అన్నావు కదమ్మా?"

"కిటికీ పెడితే కొట్టమే మేడ!"

భార్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఫ్యాను ఎంత జోరుగా తిరగాలన్న దగ్గర కూడా ఏనాడూ కలవని మనుషులు వీళ్లు. "మీ ఇద్దరిదీ ఒకే మాటయితే నాదేముంది?" అని లేచి వెళ్లిపోయింది.

తన కోసం అత్తగారు అంత పట్టుదలా వదులుకుందనుకునేసరికి అల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఆపుకోలేకపోయాడు.

"అత్తయ్యా, మీ వయొలిన్..."

"నిమ్మచెట్టు కింద ఉంది. తెలుసు" అందావిడ గొంతు తగ్గించి. "నేల మెత్తగా ఉంటే కర్రతో పొడిచి చూశాను."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకోక? అమ్మాయి మోజుపడి కొనిచ్చింది. మానేస్తే చిన్నబుచ్చుకుంటుందని, వేళ్లు బొబ్బలెక్కినా వాయించాను. దేవుడిలా వచ్చి నువ్వు కొట్టేశావు. ఇప్పుడక్కడ పునాది తవ్వితే అది పైకి తేలదూ? నువ్వు ఆ పలుగు పట్టుకుని వచ్చినప్పుడల్లా, పశ్చాత్తాపపడి తీసిచ్చేస్తావేమోనని హడలి చచ్చాను నాయనా!"

అత్తా అల్లుడూ చేతిలో చెయ్యేసుకున్నారు. మర్నాడే అల్లుడు గ్యారేజీని ఖాళీ చేసి చీపురుతో ఊడ్చాడు. తుక్కు బండి కదులుతుంటే అతను మొహం తిప్పుకున్నాడు. అత్తగారు భుజం తట్టింది.

మేస్త్రి పనివాళ్లతో దిగాడు. అతణ్ని చూస్తే అల్లుడికి జాలేసింది.

"ఏమనుకోకు మేస్త్రీ. పెరట్లో ఇల్లు కట్టే పెద్ద పని నీ చేతికొచ్చినట్టే వచ్చి పోయింది."

"పెరట్లో ఇల్లెక్కడిది సార్?" అన్నాడు మేస్త్రి తలుపు కొలుస్తూ. "డాక్టరమ్మగారు మొదట్నుంచీ గ్యారేజీయే అన్నారు, మీరూ పెద్దమ్మగారూ మీ అంతట మీరే ఒప్పుకునేదాకా వయొలిన్ మీదుగా ఓ గీత గీసి ఉంచమన్నారు, అంతే!"